సంచి లేకుండా సంతకొచ్చినవాడు

చెల్లెలి శవాన్ని చూడటానికి రాని అన్న అన్న కాదు. దాని మీద వాదన లేదు, విచారణ లేదు. డిటెక్టివ్ మనసులో ఆ తీర్పు ఎప్పుడో వెలువడింది. అప్పీలుకు చోటు ఉంచలేదు. అందుకే రెండో అంతస్తు ఆఫీసు తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చినప్పుడు, చనిపోయిన తన భార్యకు తోడబుట్టినవాడు వచ్చాడని అతను అనుకోలేదు. ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, అంతే అనుకున్నాడు.

"ఏం బావా, నాకంటే ముందే దిగావే? పిలిచిందెవరు?"

"పనున్నవాళ్ళు."

పిలిచింది ఆఫీసు యజమాని. ఆయన గోడవారగా కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి తుడుస్తూ, పెట్టుకుని మళ్ళీ తీసి తుడుస్తూ ఉన్నాడు. ఆ ఆఫీసు పని ఒకటే. పోలీసులు, కోర్టులు రికార్డు చేసిన సాక్షుల మాటలను విని అక్షరాల్లోకి ఎక్కించడం. ముందు గదిలో టైపిస్టులు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటారు. కాలి కింద పెడల్ నొక్కితే గొంతు ఆగుతుంది, వదిలితే సాగుతుంది. ఆ పొద్దున ఎవరి పెడలూ కదలడం లేదు. అందరి చూపూ లోపలి గది గుమ్మం మీదే ఉంది.

ఒక హత్య కేసులో సాక్షులు ఇద్దరు. మొదటివాడు లారీ డ్రైవర్. అతన్ని దాచిన ఇంట్లోనే, పోలీసు కాపలా టీకి వెళ్ళిన కాస్త సందులో చంపేశారు. రెండో సాక్షి ఒక నర్సు. బడికి పోయే కూతుర్ని వెంటబెట్టుకుని ఇంకో ఇంట్లో దాక్కుని ఉంది. టైపు చేసిన వాంగ్మూలాల మీద సాక్షుల సంతకాలు తీసుకోవాలి కనుక వాళ్ళ చిరునామాలు ఈ ఆఫీసు లోపలి యంత్రంలో ఉంటాయి. డ్రైవర్ చనిపోయాక నర్సును కొత్త ఇంటికి మార్చారు. ఆ కొత్త చిరునామా కూడా, నిబంధన నిబంధనే కనుక, అదే యంత్రంలోకి ఎక్కింది.

"ఇక్కడ తేల్చడానికేం మిగల్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ యంత్రంలోకి పూర్తిగా వెళ్ళగలిగింది ఒక్క మనిషి. తీసుకెళ్ళడానికొచ్చాను."

ఆ ఒక్క మనిషి గుమ్మంలో నిలబడి ఉంది. సర్వర్ చూసేది ఆమే. ఎవరి ఖాతా తెరవాలన్నా మూయాలన్నా ఆమె దగ్గరికే రావాలి గనుక టైపిస్టులు ఆమెను తాళాలక్క అంటారు. వయసు నలభైకి అటూ ఇటూ. ఏడ్చిన జాడ లేదు. ఏడవడానికి కూడా తీరిక దొరకని మొహం.

డిటెక్టివ్ ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"చిరునామా నువ్వు అమ్మావా?"

"లేదండీ."

"అమ్మినవాళ్ళూ అదే అంటారు."

"అమ్మనివాళ్ళు ఇంకేమనాలండీ?"

ఆ జవాబు అతనికి నచ్చింది. నచ్చినట్టు కనపడనివ్వలేదు. భార్య పోయాక మెచ్చుకోలు అనేది అతని ఇంట్లో బియ్యం డబ్బాలా ఖాళీ అయిపోయింది. మళ్ళీ నింపుకోలేదు.

"నీ యంత్రం చూపించు."

"బావా, కాలక్షేపానికి ఇది వేళ కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నీకు తొందరగా ఉంటే వెళ్ళు. ఆమె ఎక్కడికీ పోదు. మెట్ల దగ్గర నీ కానిస్టేబులు గుమ్మడికాయలా కూర్చున్నాడు."

నలుగురూ లోపలికి వెళ్ళారు. లోపలి గది ఒకప్పుడు వంటగది. పాత్రలు తోమే తొట్టి ఇంకా గోడకే ఉంది. నీళ్ళ గొట్టం నోట్లో గుడ్డలు కుక్కారు. పొయ్యి ఉండాల్సిన చోట ఇనప బీరువాలో సర్వర్, దాని పక్కన ఇంకో చిన్న యంత్రం సన్నగా రొద చేస్తున్నాయి. చలి ఎముకలకు తగులుతోంది. డిటెక్టివ్ గది నాలుగు మూలలూ చూశాడు. కిటికీకి ఇనప కడ్డీలు, కడ్డీల మీద దుమ్ము. తలుపుకు ఒకటే తాళం. ఎవరూ పగలగొట్టలేదు, దూరలేదు. ఈ గదిలోకి కాళ్ళతో వచ్చిన దొంగ లేడు.

"మిగతావాళ్ళు ఇందులోకి ఎలా వస్తారు?"

"బయటి నుంచి, ఫైలు ఖాతాలతో అండీ. ఠాణా వాళ్ళకొకటి, టైపిస్టులకొకటి. ఠాణా వాళ్ళు రికార్డింగ్ తెచ్చి పెడతారు. టైపిస్టులు తీసుకుని, రాసింది పెడతారు. ఆ ఖాతాతో వచ్చినవాళ్ళకి ఒక గది కనిపిస్తుంది. ఫైలు పెట్టొచ్చు, తీసుకోవచ్చు. అంతే. గది గోడ దాటి చూడలేరు. యంత్రానికి ఏ పనీ పురమాయించలేరు."

"పురమాయిస్తే?"

ఆమె కుర్చీలో కూర్చుని పరీక్ష కోసం పెట్టుకున్న ఠాణా ఖాతాతో లోపలికి వెళ్ళింది. ఒక ఆదేశం కొట్టింది. ఈ సేవ ఫైళ్ళ బదిలీకి మాత్రమేనని ఒక వాక్యం తెర మీద పడింది. వెంటనే ఖాతా మూసుకుంది.

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "విన్నావా? తన నోటితో తనే చెప్పింది. మిగతా వాళ్ళందరివీ కట్టేసిన చేతులు. విప్పి ఉన్నవి ఈవిడవి మాత్రమే. దొంగ కోసం ఊరంతా వెతకాలా?"

"ఊరంతా వద్దు. ఈ గది చాలు." డిటెక్టివ్ తాళాలక్క వైపు తిరిగాడు. "ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, ఏం పట్టుకెళ్ళారు, ఇవి యంత్రం రాసిపెట్టుకుంటుందా?"

"రాసుకుంటుందండీ."

"డ్రైవర్ చచ్చిపోవడానికి ముందు రోజు తియ్యి."

తెర నిండా సన్నటి అక్షరాలు పరుచుకున్నాయి. డిటెక్టివ్ చదువు ఊరి బడితో ఆగింది. ఆ అక్షరాల్లో ముప్పాతిక అతనికి అర్థం కాలేదు. అడిగాడు. ఆమె వేలు పెట్టి చెప్పింది. ఇది రాక. ఇది తెచ్చిన ఫైలు. ఇది పోక. అతను కూడా వేలు పెట్టి ఒక్కో రాకా చూసుకుంటూ వెళ్ళాడు. రాక, ఫైలు, పోక. రాక, రెండు ఫైళ్ళు, పోక. అతని వేలు ఒకచోట ఆగింది.

"ఇతనేం పట్టుకెళ్ళాడు?"

"ఇది ఠాణా ఖాతానే..." ఆమె ముందుకు వంగింది. "ఏమీ లేదండీ."

"ఏం తెచ్చిపెట్టాడు?"

"ఏమీ లేదు."

"మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చాడు. దీపాలు పెట్టేదాకా ఉన్నాడు. ఇంతసేపు ఏం చేశాడు?"

ఆమె ఆ వరస మళ్ళీ చదివింది.

"ఫైలు మరిచిపోయి వచ్చుంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సంచి లేకుండా సంతకొచ్చి, పొద్దుగూకేదాకా తిరిగినవాడు కూరగాయలకు రాలేదు. జేబులు చూడటానికొచ్చాడు."

తాళాలక్క అప్పటికే మరో ఫైలు తెరిచింది. ఏ ఖాతాకు ఏ హద్దో సర్వర్ చదువుకునే ఫైలు అది. పై నుంచి కిందికి చదివింది. మళ్ళీ పైకి వెళ్ళింది. ఆమె చేతులు ఒళ్ళోకి జారాయి.

"సొరంగం," అంది.

"ఏ సొరంగం?"

"ఫైలు ముట్టుకోకుండా, ఆదేశం ఇవ్వకుండా, ఈ సర్వర్‌ని వంతెన చేసుకుని పక్క యంత్రంతో మాట్లాడొచ్చండీ. చిరునామాలున్నది ఆ పక్క యంత్రంలోనే. ఈ సర్వర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఇంటి మనుషులే అనుకుంటుంది అది. తాళం అడగదు. అందుకే ఫైలు ఖాతాలకి ఆ సొరంగం మూసెయ్యాలి. మూసే వాక్యం రాశాను కూడా. ఇదిగో. అందరికీ వర్తించాలని అన్నిటికంటే కింద రాశాను."

"వర్తించలేదా?"

"ఇందులో ఒక ఖాతా పేరుతో శీర్షిక పెడితే, ఇంకో శీర్షిక వచ్చేదాకా కిందున్నదంతా ఆ ఖాతాదేనండీ. నేను పెట్టిన చివరి శీర్షిక టైపిస్టులది. ఈ వాక్యం వాళ్ళ కింద పడిపోయింది. నేను మధ్యలో ఖాళీ వదిలాను. గీత కూడా గీశాను. ఇక్కడి నుంచి అందరికీ అని నాకు నేను రాసుకున్నాను. యంత్రానికి ఖాళీలూ గీతలూ పట్టవు."

"అంటే టైపిస్టుల సొరంగం మూశావు. ఠాణా సొరంగం తెరిచిపెట్టావు."

"అవునండీ." ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "ఆ డ్రైవర్ నా వల్లే..."

"ఒప్పుకుంది!" ఇన్‌స్పెక్టర్ యజమాని వైపు తిరిగాడు. "మీరు సాక్షి. మీ చెవులతో విన్నారు."

"ఒప్పుకున్నది పొరపాటు. నేరం కాదు," అన్నాడు డిటెక్టివ్. "రెండూ ఒకటైతే మీ డిపార్ట్‌మెంటులో సగం మంది కడ్డీల వెనకుండాలి. సొరంగం నోరు తెరుచుకుని ఉండటం ఈమె తప్పు. అందులో దిగినవాడు వేరే ఉన్నాడు. వాడు దిగింది నీ ఖాతాతో."

"నా ఖాతా అనకు. ఠాణా ఖాతా."

"ఆ ఖాతాకు తాళాలెన్నమ్మా?"

"మూడండీ. ఖాతా తెరిచే తాళంచెవి లాంటి ఫైలు ఒక్కో కంప్యూటర్లో ఒకటి. ఠాణాలో రెండు కంప్యూటర్లకి రెండు. ఒకటి ఇన్‌స్పెక్టర్‌గారి ల్యాప్‌టాప్‌కి. ఏ తాళంతో వచ్చారో దాని ముద్ర ఇక్కడ పడుతుంది."

"పోల్చు."

ఆమె రెండు వరసలు పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకుంటూ వెళ్ళింది. చివరికి వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"ల్యాప్‌టాప్‌దండీ."

యజమాని కళ్ళజోడు తుడవడం ఆపేశాడు.

డిటెక్టివ్ లోపల ఏదో వెచ్చగా కదిలింది. అది సంతోషమని అతనికి తెలుసు. అలాంటి సంతోషం మంచిది కాదని కూడా తెలుసు. అయినా దాన్ని తోసెయ్యలేదు. ఇన్నాళ్ళ కోపానికి ఇన్నాళ్ళకి ఒక రుజువు దొరికింది. చెల్లెలి పాడె మొయ్యని భుజం ఇంకేం మోస్తుంది?

"బావా." ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. "నీకు నా మీద కసి ఉంది. అప్పుడు నేను రాలేకపోయానని. నీకు తెలియని సంగతులు..."

"ల్యాప్‌టాప్ ఎక్కడుంది?"

"నేను చెప్పేది విను."

"ల్యాప్‌టాప్ ఎక్కడుంది?"

"ఇంట్లో. నా గదిలో."

"దాని తాళానికి పాస్‌వర్డ్?"

ఇన్‌స్పెక్టర్ చొక్కా గుండీ సర్దుకున్నాడు. "లేదు. ప్రతిసారీ ఎవడు కొడతాడు? నా ఇల్లు, నా గది. దొంగలు పడే ఇల్లా అది?"

"ఊళ్ళో అందరికీ తలుపులు వేసుకోమని మైకులో చెప్పేది మీరే."

"మాటలు మర్యాదగా రానియ్! నేను అమ్మానంటావా? నా సర్వీసులో ఒక్క మచ్చ చూపించు!"

"చూపించడానికే వచ్చాను," అన్నాడు డిటెక్టివ్.

"అండీ." తాళాలక్క పిలుపు చాలా చిన్నగా ఉంది. ఇద్దరూ తిరిగి చూశారు. "ఇప్పుడు కూడా ఉన్నాడండీ."

"ఎవరు?"

"అదే తాళం. అదే ముద్ర. పొద్దున వచ్చాడు, ఇంకా పోలేదు. ఒక్క ఫైలు కూడా ముట్టుకోలేదు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ చేతుల వైపు చూశాడు. ఖాళీ చేతులు. ఆ తాళం ఇప్పుడు, ఈ నిమిషంలో, ఎక్కడో తిరుగుతోంది. దాని యజమాని తన కళ్ళ ముందే నిలబడి ఉన్నాడు. చేతికి దొరికిన రుజువు వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఆ జారిపోవడం అతనికి నొప్పి పెట్టింది. నొప్పి పెట్టినందుకు తన మీద తనకే రోత కలిగింది.

"నువ్వు కాదు," అన్నాడు.

తనను వదిలిపెట్టిన ఆ మాటలో ఇంకేదో ఉందని ఇన్‌స్పెక్టర్‌కు అప్పుడే అర్థమవుతున్నట్టుంది.

"పక్క యంత్రంలో ఏం చూశాడో తెలుస్తుందా?" డిటెక్టివ్ అడిగాడు.

తాళాలక్క వేళ్ళు పరుగెత్తాయి. "నర్సు అని వెతికాడండీ. మూడు పేర్లు వచ్చాయి. మూడో పేరు తెరిచాడు." ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కొత్త చిరునామా. చూసేసి గంట దాటింది. ఇప్పుడు ఇంకో కేసు సాక్షుల్ని చూస్తున్నాడు. తెంచెయ్యనా?"

"నేను చెప్పినప్పుడు. బావా, ఇంటికి ఫోన్ చెయ్యి. అందరికీ వినపడేలా పెట్టు. ఇంట్లో ఎవరున్నారని అడుగు. గొంతు మామూలుగా ఉండాలి."

'బావా' అన్నానని డిటెక్టివ్‌కు తర్వాత తట్టింది. భార్య పోయాక ఆ పిలుపు అతని నోట రావడం అదే మొదలు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి తొట్టి గట్టు మీద పెట్టాడు. అవతల అతని భార్య ఎత్తింది. కుక్కర్ కూత వినిపించింది.

"ఏంటండీ, భోజనానికి రారా మళ్ళీ?"

"వస్తాను. ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరుంటారు? నేనున్నాను, అమ్మాయి పడుకుంది. అల్లుడు మీ గదిలో ఏదో పని చేసుకుంటున్నాడు. పొద్దున కాఫీ ఇచ్చి వచ్చా, ఇప్పటికీ తల ఎత్తలేదు పాపం. సెలవు రోజున కూడా ఇంత కష్టపడే పిల్లాడు ఎవరికి దొరుకుతాడు చెప్పండి? దేనికి అడుగుతున్నారు?"

డిటెక్టివ్ తాళాలక్క వైపు చూసి తల ఊపాడు. ఆమె ఒక మీట నొక్కింది. తెర మీద ఆ వరస ఆరిపోయింది.

ఫోన్‌లో, దూరంగా, ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు. మంచి మర్యాదస్తుడి గొంతు.

"అత్తయ్యా! నెట్ పోయిందా మీ ఇంట్లో?"

"లేదే బాబూ, నా ఫోన్‌లో వస్తోందే! ఇదిగో మామయ్య లైన్‌లో ఉన్నారు, మాట్లాడతావా?"

డిటెక్టివ్ చెయ్యి చాపి ఫోన్ ఆపేశాడు.

ఇన్‌స్పెక్టర్ తొట్టి గట్టు పట్టుకుని నిలబడ్డాడు. యజమాని కుర్చీ తెచ్చాడు. అతను కూర్చోలేదు.

"ముందు నర్సు," అన్నాడు డిటెక్టివ్. "ఆమె దగ్గరున్న కాపలా మనిషికి ఫోన్ చెయ్. తర్వాత కూలిపోదువుగాని."

ఇన్‌స్పెక్టర్ వేళ్ళు రెండుసార్లు తప్పు నంబరు కొట్టాయి. మూడోసారి మోగింది. అవతలి కానిస్టేబుల్ గొంతు నిదానంగా ఉంది.

"సార్, నేనే చేద్దామనుకుంటున్నా. ఎవరో పార్శిల్ అని తలుపు కొడుతున్నాడు. నర్సమ్మ పేరు సరిగ్గానే చెబుతున్నాడు. తియ్యమంటారా?"

"తియ్యకు!" ఇన్‌స్పెక్టర్ అరుపుకు ముందు గదిలో టైపిస్టులు లేచి నిలబడ్డారు. "గడియ వెయ్. ఆమెనీ పిల్లనీ వెనక గదిలోకి తీసుకుపో. తుపాకీ చేతిలో పెట్టుకో. పేరు ఎవరికీ తెలియదురా, పార్శిల్ ఎలా వస్తుంది? బండి పంపుతున్నా. నేను కాక ఎవరొచ్చినా తియ్యకు!"

అరుపు విని పైకొచ్చిన కానిస్టేబుల్ ఠాణాకు ఫోన్ చేసి బండి పంపించాడు. తర్వాత చాలాసేపు ఫోన్‌లో ఊపిరి తప్ప ఏమీ లేదు. ఒక పిల్ల ఏదో అడిగింది. ఎవరో ఉష్ అన్నారు. తలుపు మీద ఇంకా రెండు దెబ్బలు పడ్డాయి. మెట్ల మీద కాళ్ళ చప్పుడు దిగిపోయింది. మరికాసేపటికి సైరన్. అప్పుడు కానిస్టేబుల్ అన్నాడు: "ఇద్దరూ క్షేమం సార్."

తాళాలక్క అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఆ వాక్యాన్ని టైపిస్టుల కింద నుంచి తీసి, అన్ని శీర్షికలకూ పైన పెట్టింది. సర్వర్ చేత మళ్ళీ చదివించింది. పరీక్ష ఖాతాతో సొరంగం తవ్వి చూసింది. అడ్డం పడింది.

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ చెయ్యి పట్టుకుని తొట్టి మూలకు లాగాడు.

"ఒక్క పూట టైమియ్యి బావా. నేనే వెళ్తాను. వాడి చేత నేనే ఒప్పిస్తాను. ఎవరికమ్మాడో కక్కిస్తాను. అమ్మాయికి తెలియకుండా... అది ఒట్టి మనిషి కాదు, అయిదో నెల. నీ భార్య చేతుల మీద పెరిగిన పిల్ల."

"ఆ డ్రైవర్ కూడా ఎవరి చేతుల మీదో పెరిగే ఉంటాడు."

"నీకు గుండె లేదు."

"ఉండేది."

"ఈ నలుగురం నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"ఇందాక ఈమెను తీసుకెళ్తానన్నప్పుడు, ఈమెకూ ఇల్లుందేమో, పిల్లలున్నారేమో అని ఒక్క మాట అడిగావా?" డిటెక్టివ్ చెయ్యి విడిపించుకున్నాడు. "మీ పైఅధికారికి ఫోన్ చెయ్. నా ముందు. ఇప్పుడే. నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా. నువ్వు చేస్తే నీ సర్వీసుకు మచ్చ ఉండదు. నేను నీకు చెయ్యగలిగిన సాయం అంతే."

ఇన్‌స్పెక్టర్ అతని మొహంలోకి చూశాడు. అక్కడ దూరడానికి సందు దొరకలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని, తన ఇంటి చిరునామా తనే చెప్పాడు. చెప్పాక టోపీ తీసి చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. కానిస్టేబుల్ సెల్యూట్ కొడితే చూడలేదు.

యజమాని టీ తెప్పించాడు. డిటెక్టివ్ తాగలేదు. తెర మీదున్న మిగతా రాకలూ పోకలూ చూస్తూ కూర్చున్నాడు. ఆ అల్లుడు తెరిచిన సాక్షుల పేర్లన్నీ ఒక్కొక్కటీ తాళాలక్క చేత చదివించి, ఒక్కొక్క ఇంటికీ మనిషిని పంపమని ఠాణాకు చెప్పించాడు. ఆ పని సగంలో ఉండగా అతని ఫోన్ మోగింది. మేనకోడలు.

"మామయ్యా." నిద్రలోంచి లేచిన గొంతు. "ఇంటికి జీపొచ్చింది. ఆయన్ని తీసుకెళ్ళారు. అమ్మ పడిపోయింది. నాన్న ఫోన్ ఎత్తట్లేదు. మీరే పట్టించారంటున్నారు. అబద్ధం కదా మామయ్యా?"

"నిజమే."

ఆమె ఏడ్చింది. అతను ఫోన్ పెట్టెయ్యలేదు. ఓదార్చలేదు.

"అత్తయ్య ఉంటే మిమ్మల్ని ఇలా చెయ్యనిచ్చేదా?"

"అత్తయ్య లేదు," అన్నాడు. "మీ అమ్మ మొహం మీద నీళ్ళు చల్లు. డాక్టర్ని పిలువు. నీకేం కావాలన్నా వస్తాను, ఏ వేళైనా వస్తాను. ఈ సంగతి మాత్రం నాతో ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."

ఫోన్ జేబులో పెట్టుకుని తెర వైపు తిరిగాడు.

"తర్వాతి పేరు చదువమ్మా."